నల్లగీత వెనక మనిషి

రోడ్డు ప్రమాదంలో చెల్లెలు పోయినప్పటి నుంచి తాళాల కొట్టాయన కాలు ఒకచోట నిలవడం లేదు. చివరిగా అది ఏమైనా మాట్లాడిందా అన్నదే ఆయన ఆరాటం. ఆ సంగతి చెప్పగలిగేది ఆమెను ఆస్పత్రికి మోసుకెళ్లిన మనిషొక్కడే. సమాచార హక్కు కింద అడిగితే పోలీసు కాగితాలు వచ్చాయి గానీ, ఆ మనిషి పేరు మీద నల్లగీత కొట్టి ఉంది.

స్టేషన్లో అర్జీలు చూసే ఆమె ముందు కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు.

"కుర్చీలో మేకులున్నాయా బాబాయ్? సాక్షి పేరు చెప్పడానికి చట్టం ఒప్పుకోదు."

"ఎంత మొండి తాళమైనా తీస్తానమ్మా. మీ గీతకే తాళంచెవి దొరకట్లేదు."

ఆమె నవ్వబోయి ఆగింది. "ఆయనా మీలాగే అర్జీ పెట్టాడు, ఆ అమ్మాయి బతికిందా అని. బయటివాళ్లకి చెప్పకూడదని తిప్పి పంపాం."

"నేను దాని అన్నని. నేను చెప్పొచ్చుగా?"

ఆమె తెల్లకాగితం ఇచ్చింది. "రాసివ్వండి, ఆయనకి పంపిస్తాను."

బతకలేదని రాసి, కింద కొట్టు చిరునామా వేశాడు. ఆ రోజు నుంచి కొట్టు వదల్లేదు. తాళంచెవి కోసం వచ్చిన ప్రతి మనిషి చేతులకేసి, చెల్లెల్ని మోసినవి ఇవేనా అని చూస్తున్నాడు.