గేటు దగ్గరి చేపలు

వరంగల్ శివారులో మురికినీళ్లు శుద్ధి చేసే ప్లాంటులో నేను ఆపరేటర్‌ని. మోటార్లు సగం రోజులు ఆగే ఉంటాయి. మురుగు వచ్చింది వచ్చినట్టే వాగులోకి పోతుంది. అయినా, శుద్ధయిన నీళ్లలో చేపలు బతుకుతాయని ఆఫీసర్లకు చూపడానికి గేటు దగ్గర అద్దాల తొట్టి పెట్టాం. అందులో ఉండేవి బోరు నీళ్లు. రోజూ పోసేది నేనే.

ఒకరోజు వాగులో చేపలు పట్టుకుని బతికిన ముసలాయన ఆ తొట్టి ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"వాగుల ఇడిసేది గీ నీళ్లేనా బిడ్డా?"

"గివే తాతా," అన్నాను. అట్లా చెప్పమనడానికి పక్కన సారు కూడా లేడు. అలవాటు కొద్దీ అనేశాను.

తెల్లారి ఆయన వల తెచ్చుకుని, మా పైపు నీళ్లు వాగులో పడేచోట నడుము లోతు నురగలోకి దిగాడు.

నేను చూశాను. చూసి, బకెట్ పట్టుకుని బోరు దగ్గరికి వెళ్లాను. తొట్టిలో నీళ్లు మార్చే వేళయింది.