ఒప్పుకోని మోకాలు

సర్వీసు చేసే ముందు ఎవరైనా బంతిని నేలకు కొడతారు. ఉమాకాంత్ మోకాలిని తడతాడు. కుడి మోకాలిని, రెండు వేళ్ళతో, పక్కింటి తలుపు తట్టినట్టు. తర్వాత తల వంచి వింటాడు. లోపలినుంచి జవాబు వచ్చేదాకా బంతి ఎగరేయడు.

అశోక్‌నగర్‌లో కోచింగు హాస్టళ్ళ మధ్య ఇరుక్కుపోయిన ఒక మట్టి కోర్టులో, పొద్దున్నే నలుగురం డబుల్స్ ఆడతాం. అందరం అరవై దాటినవాళ్ళం. అటువైపు ఉమాకాంత్, కిషన్ రావు. ఇటువైపు నేను, దక్షిణామూర్తి.

ఉమాకాంత్‌కు లోకమంతా మోకాళ్ళే. మనిషి ఎదురైతే ముఖం తర్వాత చూస్తాడు. నారాయణగూడ మార్కెట్లో ముందు నడుస్తున్న ఎవరో ఆవిడను చూసి నిట్టూరుస్తాడు: "ఎడమది పోయింది. పాపం, ఆమెకింకా ఎరుక లేదు." హాస్టల్ మెట్లు దూకుతూ దిగే కుర్రాళ్ళను ఆపి, ఎక్కేటప్పుడు ఏమీ కాదని, దిగేటప్పుడే పోతాయని, ఉద్యోగం వచ్చేనాటికి మోకాళ్ళు మిగలాలని చెబుతాడు. ఒకసారి చిక్కడపల్లిలో చావింటికి వెళ్ళాం. పడుకోబెట్టిన పెద్దాయన కాళ్ళవైపు చాలాసేపు చూసి, కొడుకు భుజం మీద చెయ్యి వేసి అన్నాడు: "మోకాళ్ళు మస్తుండె. ఏం ఫాయిదా."

ఆశ అతని దగ్గర దొరకదు. కొన్నేళ్ళ కింద అతని కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. నయమైందా అని అడిగితే, "నయం కాదు, వాయిదా" అంటాడు.

అయినా ఆటకు ముందు మమ్మల్ని కోర్టు చుట్టూ నడిపిస్తాడు. గోడకు వీపు ఆనించి, లేని కుర్చీలో కూర్చున్నట్టు సగం వంగి ఉండమంటాడు. పోలీసులు పట్టుకున్నవాళ్ళలా ఉన్నామని దక్షిణామూర్తి గొణుగుతాడు. ఇదంతా చేస్తే మోకాళ్ళు ఆగుతాయా అని అడిగాడొకసారి.

"ఆగవు," అన్నాడు ఉమాకాంత్. "మెల్లగ పోతయి."

నెట్ దాటగానే చచ్చినట్టు పడే బంతిని, అంటే డ్రాప్ షాట్‌ను, మా కోర్టులో నిషేధించాడు. అరవై దాటినవాడి మీద అది కొట్టడం హత్యాయత్నమట. "పోయే బంతిని పోనియ్యాలె." ఇది అతని ఏకైక ఉపదేశం.

ఇవన్నీ భరించేవాళ్ళం. భరించలేనిది, ఆట మధ్యలో ఆపేయడం. స్కోరు ఎంతైనా సరే, ఉన్నట్టుండి మోకాలు తట్టి, విని, "ఒప్పుకుంటలేదు" అని వెళ్ళి బెంచీ మీద కూర్చునేవాడు.

ఆ బెంచీ సంగతి చెప్పాలి. కోర్టు పక్కనున్న ఆ సిమెంటు బెంచీకి మేం పెట్టుకున్న పేరు పింఛన్ బెంచీ. ఆట అయ్యేలోపు దాని మీద కూర్చున్నవాణ్ణి, పింఛన్ మంజూరైందా అని అడగడం ఆనవాయితీ. నలుగురమూ పింఛను తీసుకుంటున్నవాళ్ళమే. అయినా అది మాకు తిట్టే. ఆ తిట్టు ఉమాకాంత్ ఒక్కడే తిన్నాడు. కిషన్ రావు ఎన్నడూ తినలేదు. కాలేజీ రోజుల్లో యూనివర్సిటీకి ఆడిన మనిషి. నొప్పి అన్న మాట అతని నోట మేం వినలేదు. ఒక్క పాయింటు కొడితే గెలిచేచోట కూడా ఉమాకాంత్ వెళ్ళి కూర్చుంటే, కిషన్ రావు రాకెట్ సంచిలో పెట్టుకుంటూ, "నీతో పెట్టుకుంటే గింతే" అనేవాడు.

మొన్న చలికాలంలో చుట్టాలింట్లో పెళ్ళికని ఉమాకాంత్ వరంగల్ వెళ్ళాడు. అతని బదులు జైపాల్ వచ్చాడు. నలభై అయిదేళ్ళవాడు, మాలో పిల్లవాడు. దక్షిణామూర్తి కిషన్ రావు వైపుకు మారాడు, జైపాల్ నా పక్కన ఆడాడు. మా నిషేధం అతనికి తెలియదు. డ్రాప్ షాట్ కొట్టాడు. హాస్టల్ బాల్కనీల్లో పళ్ళు తోముకుంటూ కుర్రాళ్ళు చూస్తున్నారు. కిషన్ రావు పరుగెత్తాడు. బంతి అందింది. మోకాలు అందలేదు.

లోపలి మెత్తటి పొర చిరిగిందన్నారు డాక్టరు. ఇప్పటికి కోత అక్కర్లేదు, వ్యాయామాలు చేయాలి, తర్వాత చూద్దాం. కిషన్ రావు చిక్కడపల్లి ఇంట్లో, రెండో అంతస్తులో, గోడవైపు తిరిగి పడుకున్నాడు. వ్యాయామం చేయడు. రాకెట్లు ఎవరికైనా ఇచ్చేయమన్నాడు. భార్య ప్రభావతి ఉమాకాంత్‌కు ఫోన్ చేసింది. మేం భయపడ్డాం. ధైర్యం చెప్పడానికి ఊళ్ళో అంతకన్నా పనికిరాని మనిషి లేడు.

వచ్చాడు. కిషన్ రావు మోకాలు తట్టాడు. విన్నాడు.

"మాట్లాడ్తలేదు. అలిగింది."

"మునుపటి లెక్క అయితదా?" కిషన్ రావు గోడను అడిగాడు.

"కాదు."

"మరెందుకివన్నీ?"

"ఇంకా ఖరాబు కాకుండ."

అని, మంచం పక్కన నేలమీద తనూ పడుకున్నాడు. మోకాలి కింద తువ్వాలు మడిచి పెట్టుకుని, నొక్కిపట్టి, వదిలి, అమ్మా అని మూలిగాడు. ఆ మూలుగు వినలేక కిషన్ రావు కూడా కాలు కదిపాడు. రోజూ ఇదే. ఇద్దరిలో పేషెంటు ఎవరో పనిమనిషికి చివరిదాకా తెలియలేదని ప్రభావతి చెప్పింది.

ఒకరోజు అతనితో పాటు నేనూ వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు ఉమాకాంత్ నా ముందు మెట్లు దిగాడు. దిగేటప్పుడే పోతాయని ఊరంతా చాటిన మనిషి, కమ్మీ ముట్టకుండా, ఫోన్ మాట్లాడుతూ, చకచకా దిగాడు. నేను కమ్మీ పట్టుకుని పైనే నిలబడిపోయాను.

మర్నాడు ఆ మాట కిషన్ రావుకు చెప్పాను. అతను మోకాలి కింద తువ్వాలు సర్దుకున్నాడు.

"నాకు నొప్పి లేసినప్పుడే వాని మోకాలు ఒప్పుకోకపోయేది," అన్నాడు. "ఎన్నేండ్లు! నా నసీబు మంచిదనుకున్న."

ఎండాకాలం చివర డాక్టరు కొంచెం ఆడుకోమన్నారు. కిషన్ రావు కోర్టుకు వచ్చాడు. కాసేపు బాగానే ఆడాడు. తర్వాత అడుగు తడబడింది. ఉమాకాంత్ చెయ్యి మోకాలి మీదికి వెళ్ళింది.

"వద్దు ఉమా," అన్నాడు కిషన్ రావు. "నీది మంచిగనే ఉంది. నాకెరుకైంది."

ఉమాకాంత్ చెయ్యి గాల్లో ఆగింది. కిషన్ రావు కూర్చోలేదు. సంచి భుజాన వేసుకున్నాడు. రేపటినుంచి తను రానని, జైపాల్‌ను పిలుచుకొమ్మని చెప్పి, కుంటుతూ గేటు దాటాడు. ఉమాకాంత్ మోకాలి సాకు, ఉన్న ఒక్క మందూ, ఆ పూటతో పనికిరాకుండా పోయింది. ఆ రోజు చాయ్ దగ్గర ఉమాకాంత్ ఎవరి మోకాళ్ళూ చూడలేదు.

మర్నాడు పొద్దున జైపాల్ వచ్చాడు. ఉమాకాంత్ కోర్టులో అడుగు పెట్టలేదు. ఆట మొదలుకాకముందే పింఛన్ బెంచీ మీద, ఒక చివరకు జరిగి కూర్చున్నాడు. ఏమైందని దక్షిణామూర్తి అడిగితే, మోకాలు బాగానే ఉందన్నాడు. ఆ మాట అతని నోట మొదటిసారి విన్నాం.

వ్యాయామానికని ఉమాకాంత్ రాసిచ్చిన నడక దారి ప్రకారం కిషన్ రావు రోజూ ఆ గేటు ముందునుంచే పోవాలి. వచ్చాడు. మమ్మల్ని చూడనట్టు దాటబోయి, బెంచీని చూసి ఆగాడు. ఉమాకాంత్ అతనివైపు తిరగలేదు. పక్కనున్న ఖాళీ సిమెంటును రెండు వేళ్ళతో తట్టాడు. తల వంచి విన్నాడు.

కిషన్ రావు గేటు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమంటున్నది?"

"జాగ ఉందంటున్నది," అన్నాడు ఉమాకాంత్.