తుక్కు మేస్త్రీ చేసిన తెల్లకారు

మా మావయ్యను వీధిలో అందరూ తుక్కు మేస్త్రీ అంటారు. ఆ పేరంటే ఆయనకు కోపం లేదు. కొత్తగా వచ్చినవాళ్ళు మొహమాటపడి "మేస్త్రీగారి ఇల్లెక్కడండీ" అని గుమ్మం దగ్గర నసిగితే, ఆయనే బయటికి వచ్చి "తుక్కు మేస్త్రీనా? నేనే, రండి" అంటాడు.

వయసులో ఉన్నప్పుడు షెడ్డులో కార్లకు సొట్టలు తీసేవాడు. నడుం పట్టేసి వంగడం కష్టమయ్యాక ఆ పని మానేశాడు. ఇంటి ముందు గదిలో కిటికీ కింద బల్ల వేసుకుని చిన్న కార్లు చేయడం మొదలుపెట్టాడు. వాటిని బొమ్మలంటే మాత్రం ఊరుకోడు. గుద్దుకున్నవి, కాలిపోయినవి, తుక్కు యార్డులో పడి తుప్పుపట్టి లోపల గడ్డి మొలిచినవి, ఇలాంటివే చేస్తాడు. రెండు అరచేతులు కలిపి పట్టుకునేంత ఉంటుంది ఒక్కొక్కటి. పలచటి అల్యూమినియం రేకుతో ఒళ్ళు, మాత్రల అట్టల మీది ప్లాస్టిక్‌తో అద్దాలు. తుప్పురంగు పూసి, దాని మీద ఉప్పు చల్లి, ఆ పైన తెలుపో ఎరుపో కొట్టి, ఆరాక వేలితో రుద్దుతాడు. ఉప్పు రాలిన చోటల్లా రంగు లేచిపోయి తుప్పు బయటపడుతుంది.

"కూరలో ఉప్పు తగ్గిందంటారు కదా, ఎందుకు తగ్గదు? సగం డబ్బా కార్లే తినేస్తుంటే" అంటుంది అత్తయ్య.

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. అమ్మ మంచాన పడింది, చూసేవాళ్ళు లేరు. అమ్మ పోయాక మావయ్య నన్ను ఇక్కడికి తెచ్చుకున్నాడు. పాత చేతితొడుగులు కత్తిరించి సీట్లు కుట్టడం, నాడాతో బెల్టులు చేయడం, మావయ్యకు దీపం పట్టుకోవడం నా పని. పెద్దగా మాట్లాడను. "గోడలకు చెవులుంటాయంటారు. మా ఇంట్లో గోడకు కళ్ళు కూడా ఉన్నాయి" అని అత్తయ్య నన్ను చూపించి వచ్చినవాళ్ళను నవ్విస్తుంది.

మావయ్య పనిలో ఒక పద్ధతి ఉంది. విరిగిన కారును విరిగినట్టుగా ఆయన చేయడు. ముందు నిక్షేపంలాంటి కారు చేస్తాడు. తలుపులు తెరుచుకోవాలి, స్టీరింగు తిప్పితే చక్రాలు తిరగాలి. అంతా అయ్యాక దాన్ని విరగ్గొడతాడు. "బాగున్నది చేసి పాడుచేసే మగాడు లోకంలో ఈయనొక్కడే" అని అత్తయ్య వేళాకోళం చేస్తే, "బాగున్నది విరిగితేనే విరిగినట్టుంటుందే" అంటాడు.

విరగ్గొట్టే ముందు ఇంకొకటి చేయాలి. రేకు ఎటు నలగాలో అటువైపు లోపలి నుంచి ఆకురాయితో రుద్ది కాగితంలా పలచబరచాలి. నలగకూడని వైపు జోలికి పోకూడదు. తర్వాత కారును బల్లకు బిగించిన వైసు ఇనుప దవడల మధ్య పెట్టి, కావలసిన చోట చెక్కముక్క ఆనించి, మర మెల్లగా తిప్పాలి. పలచగా ఉన్నచోట లోపలికి పోతుంది, మందంగా ఉన్నచోట నిలబడుతుంది. ఒకసారి రుద్దిన రేకును మళ్ళీ మందం చేయడం ఎవరి తరమూ కాదు. అందుకే ఆకురాయి పట్టుకున్నప్పుడు మావయ్య ఎవరితోనూ మాట్లాడడు.

తెల్లకారు కోసం ఒకావిడ వచ్చిన రోజు ఆయన చేతిలో ఆకురాయే ఉంది. అయినా పక్కన పెట్టేశాడు. ఆవిడ ముఖం అలా ఉంది.

"అన్నయ్యగారూ, యార్డువాళ్ళు మీ పేరు చెప్పారు" అంది. "మా ఆయన పోయిన కారు వాళ్ళ దగ్గరికే వచ్చిందట. అప్పుడేమో చూడొద్దని నన్ను అందరూ పట్టుకున్నారు. ఇప్పుడు చూద్దామని వెళ్తే నొక్కేశాం, కరిగించడానికి పోయిందన్నారు. అక్కడికొచ్చే ప్రతి బండినీ మీరు చేత్తో తడిమి చూస్తారటగా?"

"ఏ కారమ్మా?"

"తెల్లది. వెనక సీటు మీద నీలం దుప్పటి పరిచి ఉండేది."

మావయ్యకు గుర్తొచ్చిందని ఆయన వేళ్ళను చూస్తేనే నాకు తెలిసింది. గాలిలో ఏదో తడిమినట్టు కదిలాయి.

"అది చేసిపెట్టండి. చూడనిదాన్ని రోజుకో రకంగా ఊహించుకుని చస్తున్నాను. ఒక్కసారి కళ్ళారా చూస్తే ఆ ఒక్క రకమే మిగులుతుంది. నా మనసు కష్టపడుతుందని ఏమీ మార్చకండి. ఉన్నది ఉన్నట్టు చేస్తారా?"

"అలాగేనమ్మా. ఉన్నది ఉన్నట్టే చేస్తాను."

"విరిచేటప్పుడు నేను దగ్గరుండాలి."

మావయ్య అలా ఎవరినీ ఉండనివ్వడు. ఆ రోజు తలూపాడు. తర్వాత అడిగాడు, "ఎలా జరిగిందన్నారు మీకు?"

"ఎదురుగా వచ్చిన లారీ మీది దుంగలు జారి కారు కప్పు మీద పడ్డాయట. నడుపుతున్నది మా అబ్బాయే. అందులోంచి వాడు బతికి బయటపడటం మా అదృష్టం అన్నారు."

ఆవిడ వెళ్ళాక మావయ్య చాలాసేపు కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. "ఏమైంది మావయ్యా" అన్నాను.

"దాని మీద ఏ దుంగా పడలేదే. కప్పు నడిపేవాడి వైపు నిక్షేపంలా ఉంది. అటు తలుపు అద్దం కూడా పగల్లేదు. పక్క సీటు వైపే, గోడను గుద్దినట్టు..." అని ఆగిపోయాడు.

కారు తయారవుతూ ఉండగా ఆవిడ కొడుకు వచ్చాడు. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దవాడై ఉంటాడు. లోపలికి రమ్మన్నా రాకుండా గడప దగ్గరే నిలబడ్డాడు. బల్ల మీది తెల్లకారునే చూస్తూ మాట్లాడాడు.

"బాబాయ్, మీరు దాన్ని యార్డులో చూశారట కదా."

"చూశాను."

"అయితే మీకు తెలిసిపోయే ఉంటుంది."

అతను చెప్పుకుపోయాడు. దుంగలు జారి రోడ్డు మీద పడ్డాయి. అతను స్టీరింగు తిప్పేశాడు. తండ్రి కూర్చున్న వైపు పోయి వంతెన గోడకు కొట్టుకుంది. "ఆలోచించి తిప్పలేదు బాబాయ్. చెయ్యి దానంతటదే తిరిగింది. ఇంకోవైపు తిప్పి ఉంటే గోడకు నేను తగిలేవాణ్ణి. అమ్మకు దుంగలు కారు మీద పడ్డాయని చెప్పాను. అప్పుడు నోటికి అదే వచ్చింది. కప్పు రెండు వైపులా ఒకేలా అణిగినట్టు చేయండి. నాకున్నది అమ్మ ఒక్కతే. నిజం తెలిస్తే ఇక నా ముఖం చూడదు."

"ఉన్నది ఉన్నట్టు చేస్తానని మాటిచ్చాను బాబూ."

"మీ కాళ్ళు పట్టుకుంటాను."

"కాళ్ళెందుకులే, వాటికే నొప్పులు" అన్నాడు మావయ్య. నవ్వించాలని అన్నాడు కానీ ఇద్దరూ నవ్వలేదు. అతను వెళ్ళిపోయాడు.

ఆ రోజు భోజనాల దగ్గర అత్తయ్య ఊరుకోలేదు. "ఆవిడకు మొగుడు ఎలాగూ పోయాడు. ఉన్న కొడుకును మీరు తీసేయకండి."

"మాటిచ్చానే."

"ఇచ్చినప్పుడు ఈ సంగతి మీకు తెలుసా? తెలియని మాటకు కట్టుబడటమేమిటి, చోద్యం కాకపోతే! షెడ్డులో ఉన్నప్పుడు మీరు చేసిందేమిటి? నాన్నకు తెలియకూడదని ఒకడు, పెళ్ళాం తిడుతుందని ఒకడు వస్తే, ఏమీ జరగనట్టు చేసి పంపలేదూ? అప్పుడు తప్పు కానిది ఇప్పుడెలా తప్పయింది?"

మావయ్య అన్నం కలుపుతూనే ఉన్నాడు, తినలేదు. "వాళ్ళు నన్ను సొట్ట తియ్యమన్నారే. ఈవిడ సొట్ట చూపించమంది" అన్నాడు చివరికి.

మర్నాడు ఆకురాయి తీశాడు. నేను దీపం పట్టుకున్నాను. పక్క సీటు వైపు కప్పును లోపలి నుంచి రుద్దాడు. రేకు పొడి సన్నగా నా మణికట్టు మీద రాలింది. వెలుతురు అవతలికి కనబడేంత పలచనయ్యాక చెయ్యి తీసేస్తాడనుకున్నాను. తీయలేదు. కారును ఇటు తిప్పి నడిపేవాడి వైపు మొదలుపెట్టాడు.

"మావయ్యా, అటు..."

"దీపం సరిగ్గా పట్టుకో."

అటు కూడా రుద్దాడు, కాకపోతే కొంచెం తక్కువగా. మళ్ళీ ఆగి, మళ్ళీ రుద్దాడు. ఇన్నాళ్ళలో ఆయన ఒక కారుకు రెండు వైపులా ఆకురాయి పెట్టడం నేను చూడలేదు. ఏ సంగతీ తేల్చుకోలేకే అలా చేస్తున్నాడని అర్థమైంది. చెక్కముక్క ఎక్కడ ఆనిస్తే అక్కడే నలుగుతుంది, ఆ క్షణంలో చూసుకోవచ్చు అని తనకు తాను చెప్పుకుంటున్నాడు. ఆ క్షణం దాకా రేకు ఆగుతుందా అన్నది నా భయం. పైకి అనలేదు. ఆయనకు తెలియనిది నాకేం తెలుస్తుంది అనుకున్నాను.

విరిచే రోజు రానే వచ్చింది. తల్లి ముందు వచ్చి బల్ల దగ్గర కూర్చుంది, కొడుకు వెనకాల వచ్చాడు. అతను ఆ రోజు కూడా గడప దాటలేదు, తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. అత్తయ్య మంచినీళ్ళు తెస్తే ఎవరూ ముట్టలేదు.

విరగక ముందు కారును మావయ్య ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ తలుపు తెరిచింది, మూసింది. వెనక సీటు మీద నేను పరిచిన నీలం గుడ్డను వేలి చివరతో సర్దింది. పక్క సీటు మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచింది. "ఆయన ఇక్కడే. ఎప్పుడూ సీటు వెనక్కి వాల్చుకునేవారు" అంది. తర్వాత తిరిగి ఇచ్చేసింది. "కానివ్వండి."

మావయ్య కారును వైసులో పెట్టాడు. చెక్కముక్క చేతిలోకి తీసుకున్నాడు. చెక్కను మధ్యలో పెడితే అబద్ధం, పక్క సీటు వైపు పెడితే నిజం. కొడుకు కూడా ఆ చెక్కముక్కనే చూస్తున్నాడు. మావయ్య దాన్ని మధ్యలో పెట్టాడు. తీశాడు. పక్క సీటు వైపు ఆనించాడు. గుమ్మం దగ్గర అతను కళ్ళు మూసుకున్నాడు.

మర తిరిగింది. పక్క సీటు వైపు కప్పు సన్నగా కిర్రుమంటూ లోపలికి దిగింది. అద్దం చిట్లింది. మావయ్య చెయ్యి ఆపేశాడు. కానీ రేకు ఆగలేదు. చూస్తూ ఉండగానే నడిపేవాడి వైపు కూడా వంగి, ఒక్కసారిగా కూలబడింది. కప్పంతా స్టీరింగు మీదికి అణిగిపోయింది.

మావయ్య ముఖం పాలిపోయింది. మర వెనక్కి తిప్పి కారు బయటికి తీశాడు. బల్ల మీద పెట్టాడు. కొడుకు అడిగినట్టే అయింది, అచ్చంగా దుంగలు పడ్డట్టే. ఇక ఎవరూ ఏమీ అననక్కర్లేదు. ఊరుకుంటే చాలు.

తల్లి వంగి చూసింది. ముందు పక్క సీటు చూసింది. ఏడవలేదు. తర్వాత ఆమె చూపు నడిపేవాడి వైపు వచ్చింది. స్టీరింగుకూ కప్పుకూ మధ్య నా చిటికెన వేలు కూడా పట్టేలా లేదు.

"వీడు ఇక్కడ కూర్చున్నాడు కదా" అంది.

ఆవిడ వేలు స్టీరింగు దగ్గరే ఆగింది.

"మరి వీడెలా బతికాడు?"

మావయ్య అందుకున్నాడు. "అమ్మా, ఈ తప్పు నాది. ఇటువైపు నేను..."

"మీరుండండి బాబాయ్" అన్నాడు కొడుకు. మొదటిసారి గడప దాటి లోపలికి వచ్చాడు. "నా వైపు ఏమీ కాలేదమ్మా. కారు మీద దుంగలు పడలేదు. నేనే తిప్పాను. నాన్న వైపు గోడకు తగిలింది."

అత్తయ్య చేతిలో గ్లాసు పళ్ళానికి తగిలి మోగింది. తల్లి వెనక్కి తిరగలేదు. కారు మీదే చూపు ఉంచి అడిగింది.

"ఆయన కేకేశారా?"

"వేశారు. నన్నే పిలిచారు."

ఆవిడ కళ్ళు మూసుకుంది. ఆవిడ ఇప్పుడు లేచి వెళ్ళిపోతే ఏమిటన్నది ఆ గదిలో అందరికీ తెలుసు. అతను ఆవిడ వీపును చూస్తూ నిలబడ్డాడు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొడుతూ పోయారు.

ఆవిడ కళ్ళు తెరిచి చెయ్యి చాపింది. అణిగిపోయిన కప్పు కింద, స్టీరింగు వైపు, గోరు దూర్చి పైకి ఎత్తబోయింది. అది రాలేదు.

"ఇటువైపు లేపండి" అంది మావయ్యతో.

"లేపితే చిరిగిపోతుందమ్మా. మరీ పలచబడింది. నేను ఇంకొకటి చేసి..."

"చిరిగితే చిరగనివ్వండి. వీడి వైపు ఇలా ఉండటానికి వీల్లేదు."

మావయ్య సన్నటి వెదురుపుల్ల తీసుకుని కిటికీ అద్దం పోయిన చోటి నుంచి లోపలికి పెట్టాడు. నేను దీపం దగ్గరికి జరిపాను. పుల్లను కొంచెం కొంచెం తిప్పుతూ రేకును పైకి నెట్టాడు. తలుపు పైన గోరంత మేర చిరిగింది. ఆయన ఆగి ఆవిడ వైపు చూశాడు. "ఊఁ, ఇంకా" అంది. ఇంకా నెట్టాడు. స్టీరింగు కనబడింది. తర్వాత సీటు. ఒక మనిషి తలెత్తి కూర్చునేంత చోటు వచ్చేదాకా ఆవిడ ఆపనివ్వలేదు.

దీపం పట్టడానికి నేను లేచిన ముక్కాలిపీట ఆవిడ పక్కన ఖాళీగానే ఉంది. ఆవిడ కారు మీద నుంచి చూపు తిప్పకుండానే దాన్ని కాలితో వెనక్కి, కొడుకు వైపు జరిపింది.

"కూర్చో. వచ్చినప్పటి నుంచీ నిలబడే ఉన్నావు" అంది.