బిగించిన ప్యానెల్ విప్పించిన మనిషి

పోయిన మంగళవారం పొద్దున్నే అత్త ఫోన్ చేసింది. "మీ మావయ్య ఎల్లిపోయారే. కాఫీ తెచ్చీలోగా అయిపోనాది" అంది. నేను చెప్పులేసుకుని బయలుదేరాను.

ఆయన మా అమ్మకు తమ్ముడు. విశాఖలోని కంచరపాలెం నుంచి డ్రాఫ్ట్స్‌మన్‌గా బెంగళూరు వెళ్లి, మన దేశం తొలినాళ్లలో చేసిన ఒక సమాచార ఉపగ్రహానికి పరికరాల భాగం గీసినవాళ్లలో ఒకరయ్యారు. ఏ పెట్టె ఎక్కడ బిగించాలి, ఏ వైరు ఎటు పోవాలి అన్నది ఆయన పని. పెట్టెలు సర్దడం కూడా ఉద్యోగమేనా అని చిన్నప్పుడు అడిగాను.

"పైన గాలుండదే అమ్మా. ఫేనెట్టినా ఏటి లాభం? పెట్టెలో వేడి పోడానికి దారి నానే సూపాల" అన్నారు.

రిటైరయ్యాక సొంత వీధికే వచ్చేశారు. కొత్త కుర్చీ కొంటే ముందు తిరగేసి మరలు చూసేవారు. ఆ తరువాతే కూర్చునేవారు.

నేను గోపాలపట్నంలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో డ్రాయింగులు గీస్తాను. చేరిన కొత్తలో ఒక అపార్ట్‌మెంటు ఇనుప మెట్లకు కొలత తప్పు వేశాను. ఇనుము కోసేశాక గాని చూసుకోలేదు. ఇంకెవరూ కనిపెట్టలేదు. చెబితే ఉద్యోగం పోతుందని మావయ్య దగ్గర ఏడ్చాను. అప్పుడు, ఆ ఒక్కసారే, తన సంగతి చెప్పారు.

"ఆ ఉపగ్రహానికి పెట్టెలున్న ప్యానెల్ బిగించీసారు. సంతకాలన్నీ అయిపోనాయి. అప్పుడు సూసుకున్నాను, నా డ్రాయింగులో వైర్ల కట్ట రేకు అంచుకి ఆనుకుంటన్నాది. ఆఫీసరుకి సెప్పాను. వారం పని విప్పాలా అని అందరి ముందూ కేకలేసారు. తీరా విప్పితే ఒక వైరు తొడుగు గీరుకుపోయుంది."

"విప్పకపోతే ఏమయ్యేది?"

"ఏమో. బాగానే ఉండునేమో. పైకెల్లాక మాత్రం ఎవులూ విప్పలేరు కదా."

వెంటనే స్కూటర్ తీసి నన్ను షెడ్డు దగ్గర దింపారు. లోపలికి మాత్రం రాలేదు. "తప్పు నీది. మాట కూడా నువ్వే సెప్పాల" అన్నారు. యజమాని గట్టిగా తిట్టాడు. కొత్త ఇనుము తెప్పించాడు. ఉద్యోగంలోంచి తియ్యలేదు. ఆ మెట్ల మీద ఇప్పుడు పిల్లలు పరుగెత్తుతుంటారు.

బుధవారం మావయ్యను తీసుకెళ్తుంటే రైలు గేటు పడింది. పాడె భుజాల మీదే ఉంది. నేను వెనక నిలబడ్డాను. పోర్టు వైపు గూడ్సు నెమ్మదిగా, ఎంతకీ తరగకుండా పోయింది. చివరి పెట్టెలో నిలబడ్డ గార్డు మమ్మల్ని చూశాడు. చేతిలో జెండా పక్కన పెట్టి, మలుపు తిరిగేదాకా చేతులు జోడించే ఉన్నాడు.