తాళి కట్టిన వీడియో, దిల్షాద్‌బీ పట్టు

నాది ముక్కు మీద కోపం. జమ్మలమడుగులో ముప్పై ఏండ్లుగా పెండ్లి ఫోటోలు తీస్తాండా. పెండ్లికొడుకులను గూడా గద్దించి నిలబెట్టినోన్ని. అట్లాంటి ఈ ఆదినారాయణను ప్రొద్దుటూరులో లాప్‌టాప్‌లు బాగుచేసే దిల్షాద్‌బీ ఒక దినమంతా నోరు మూయించి కూర్చోబెట్టింది.

లింగాలలో శిల్ప అనే అమ్మాయి పెండ్లి తీసిన నాలుగో రోజు నా లాప్‌టాప్ మొరాయించింది. ఆన్ చేస్తే కంపెనీ బొమ్మ వచ్చాది, పోతాది, మళ్ళా వచ్చాది. ఆ పెండ్లి అంతా దాంట్లోనే ఉండాది. కెమెరా కార్డులంటావా, మర్నాడు పెద్దముడియంలో ఇంకో పెండ్లి ఉంటే తుడిచేసినా. డీ డ్రైవులో పెట్టినా కదా, ఇంకేం భయమని ధైర్యం. మా ఫోటోలోళ్ళందరికీ అదే నమ్మకం: చెడిపోతే విండోస్ ఉండే సీ డ్రైవు చెడిపోతాది, డీ మాత్రం ఇనప్పెట్టె.

"సీ ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్కించమ్మా. డీ ముట్టుకోవాకు. గంటలో పోవల్ల," అన్నా దిల్షాద్‌బీ అంగట్లోకి పోతానే.

ఆమె తలెత్తకుండానే, "రెండూ ఉండేది ఒకటే డిస్కులో, ఎస్‌ఎస్‌డీలో అన్నా. ఒక గదిలో చీర అడ్డం కట్టి రెండు చేసినట్ల. ముందు కాపీ, ఆ తర్వాతే ఫార్మాట్," అనింది.

"పక్క సందులో అరగంటలో చేస్తారంట!"

"ఆడికే పో."

ఒళ్ళు మండింది. అయినా పోలేదు. మా ఊర్లో ఎవర్ని అడిగినా ఆమె పేరే చెప్పినారు మరి.

దిల్షాద్‌బీది పెండ్లిమర్రి. పదో తరగతితో చదువు ఆగింది. మొగుడు షఫీ కువైట్‌లో డ్రైవరు. ఆయన తెచ్చిన లాప్‌టాప్ పాడైతే ఎవరికో ఇచ్చి బాగుచేయించింది. మిషన్ బాగానే వచ్చింది గానీ, కూతురు ఫర్హానా మాటలు నేర్చేనాటి వీడియోలన్నీ తుడిచిపెట్టుకపోయినాయి. సెలవుకొచ్చి చూద్దామనుకున్న షఫీ వాటిని ఒక్కసారి గూడా చూడలేదు. "ఆయన ఒక్క మాట అనలే అన్నా. అందుకే కడుపు ఇంకా రగిలిపాయ," అనింది. ఆ మంటతోనే జిరాక్సు అంగట్లో పనికి చేరి, టైపింగ్ నేర్చి, మరలు ఇప్పడం నేర్చి, ఇప్పుడు సొంతంగా అంగడి పెట్టుకునింది.

ఆమె పెన్‌డ్రైవుతో మిషన్ లేపి నా డీ తెరవబోతే నలభై ఎనిమిది అంకెల తాళం అడిగింది.

"ఇదేంది? నేనేం తాళం వేయలేదే!"

"కొత్త లాప్‌టాప్‌లకు దానంతట అదే పడతాది. అంకెలు నీ విండోస్ అకౌంట్లో ఉంటాయి. అవి ల్యాకుంటే నీ పెండ్లి ల్యా."

లాప్‌టాప్ కొన్ననాడు అకౌంటు తెరిచింది పులివెందులలో ఉండే మా మేనల్లుడు వివేక్. ఫోన్ చేసి అరిచినా. "మామా, అరవాకు, చూస్తాండా కదా," అని వాడు అకౌంట్లో వెతికి, అంకెలు ఒక్కొక్కటే చదివినాడు. తాళం తెరుచుకునింది. వాని కడుపు చల్లగుండ!

బయటి డిస్కులోకి కాపీ అయ్యేసరికి మధ్యాన్నం దాటింది. ఇంగ ఫార్మాటే అనుకుంటే, "డిస్కులో నుంచి తెరిచి చూడన్నా," అనింది.

"అయిపోయిందని అదే చెప్తాంది కదా!"

"అది చెప్తాది. చూడాల్సింది నువ్వు. తాళి కట్టే వీడియో పెట్టు, కడదాకా."

గొణుక్కుంటా పెట్టినా. పెండ్లికొడుకు తాళి చేతిలోకి తీసుకున్నాడు. బొమ్మ ఆగిపాయ. ముందుకు జరిపినా ల్యా, వెనక్కి జరిపినా ల్యా. నా మాట విని ఫార్మాట్ కొట్టింటే? లింగాలకు పోయి, మళ్ళా తాళి కట్టండయ్యా అని చెప్పాల్నా?

ఆమె కేబుల్ మార్చి మళ్ళా కాపీ పెట్టింది. ఈసారి కడదాకా ఆడింది. "యా అల్లా," అని ఆమె గూడా ఊపిరి వదిలింది.

తర్వాత డిస్కు పీకి నా చేతిలో పెట్టింది. "ఒళ్ళో పెట్టుకో. తగిలించి ఉంటే పొరపాటున దీన్నే తుడుస్తాం." చార్జరు గట్టిగా ఉందో లేదో చూసి మొదలుపెట్టింది. తెర మీద వచ్చిన పట్టీలో సీ లేదు, డీ లేదు. వరస నంబర్లు, పక్కన సైజులు, అంతే.

"దీంట్లో నా డీ యాడుండాది?" అన్నా.

"నువ్వే చెప్పు," అనింది.

ఒళ్ళో డిస్కును రెండు చేతులా పట్టుకున్నా. సాయంత్రానికి లాప్‌టాప్ కొత్తదాని మాదిరి లేచింది. ఆల్బం చేతికిచ్చేదాకా కార్డులు తుడవాకని, ఆ అంకెలు కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోమని నన్ను బాగా వాయించింది. అన్నీ పడినా. ఆ పొద్దు ఆమె ఏం తిట్టినా నాకు తియ్యగానే ఉండె.

బ్యాగు సర్దుకుంటాంటే ఫోను మోగింది. శిల్ప వాళ్ళమ్మ సుబ్బరత్నమ్మ. ఆల్బం యాడ అని దులుపుతాదనుకున్నా. ఆమె గొంతు తగ్గించి, "అప్పా, ఒకటి అడుగుతా, నవ్వాకు. తాళి కట్టేటప్పుడు మా పాప ముఖం ఎట్లుండె? కెమెరాలోళ్ళు అడ్డం నిలబడితే నాకు వీపులే కనపడె," అనింది.

ఆ వీపుల్లో పెద్దది నాదే. ఆ పొద్దు నేను లైటు చూసినా, ఫోకస్ చూసినా, పాపను చూడలేదు. చూసింది ఇప్పుడే, ఈ అంగట్లో, దిల్షాద్‌బీ బలవంతం మీద.

"నవ్వుతాండాదమ్మా," అన్నా. "నవ్వుతానే తల తిప్పి, మా అమ్మ యాడ అని పక్కనోళ్ళను అడిగింది. మాట గూడా వీడియోలో పడిండాది."

అవతల ఆమె ఆ మాట నాతో ఇంకోసారి చెప్పించుకునింది.

"ఆల్బం ఎప్పుడిచ్చినా సరేలే అప్పా," అనింది ఆమె. "అదొక్కటి రేప్పొద్దున తెచ్చి చూపీ."