మేనత్త జొన్న మాన్పించిన టమాటా నారు

తోటల పెంపకం డిప్లొమా కాగితం చేతికొచ్చిన ఆ రోజుల్లో, రాయచూరు ఎండ కూడా నన్నడిగే కాయాలని నా నమ్మకం. యరగేర దారిలో ఒక నర్సరీలో కుదిరి నెల తిరక్కుండానే రైతులకు సలహాలివ్వడం మొదలుపెట్టాను (వాళ్లు అడిగారా అంటే, లేదు). మా మేనత్తకు యరగేరలో అరెకరం ఉంది. ఏటా జొన్న వేసుకుని రొట్టెకు లోటు లేకుండా బతికేది. జొన్న ఎవరైనా వేస్తారు, టమాటా వెయ్యమని వెంటపడ్డాను. వేస్తే చలికాలంలోనే నాటాలని ఆమె అంటే నవ్వేశాను. ఎండ ముదిరేకొద్దీ పండు ఎర్రబడుతుందని, పైగా మన దగ్గర ఎండ ఉచితమని తీర్పు చెప్పాను. అన్న కొడుకు చదువుకున్నవాడు కదా అని ఆమె ఆ ఏడు జొన్న మానేసింది.

ఫిబ్రవరిలో నారు పోసి, త్వరగా ఎదగాలని నర్సరీ షెడ్డు చుట్టూ ప్లాస్టిక్ పరదాలు దించి బిగించాను. మూడు వారాలకే మొక్కలు జానెడు దాటాయి. మురిసిపోయి ఫోటోలు తీసి చుట్టాలందరికీ పంపాను. నిజానికవి వేడికి సాగి, దారాల్లాంటి కాడలతో ఒకదాని మీద ఒకటి వాలి నిలబడ్డాయి. పొలంలో నాటాక ఆ ఆసరా కూడా పోయి సగం పడుకున్నాయి. బతికినవేమో ఎండకు పూతంతా రాల్చేశాయి. నీళ్లు సరిగ్గా పెట్టలేదని నేను అత్తనే తప్పుపట్టాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెవి నేనే మెలిపెట్టుకోవాలనిపిస్తుంది.

మే నెలలో ఆమె గంపతో నర్సరీకి వచ్చింది. గంప అడుగున పది కాయలు. తొడిమ దగ్గర పసుపుపచ్చగా, ఎరుపెక్కమని మొండికేసి ఉన్నాయి. ఎండ మితిమీరితే ఎరుపు రాదన్న పాఠం నా పుస్తకంలోనే ఉంది (పరీక్షకు రాదని వదిలేశాను). ఆమె అరవలేదు. పరదాలు దించే ఉన్న షెడ్డు చూపించింది. మిట్టమధ్యాహ్నం.

"లోపల ఒక గంట కూసోరా."

పావుగంటకే చొక్కా పిండుకుంటూ బయటపడ్డాను.

"నీకు కాళ్లున్నయి, బయటికొస్తివి. అవి యాడికి పోతయిరా?" అంది అత్త.

ఆ ఏడు ఆమె రొట్టెపిండి కొనుక్కు తిన్నదని మా అమ్మ చెబితే తెలిసింది.

ఇప్పుడు నాకూ ఒక నర్సరీ ఉంది. నారు పోసినప్పుడల్లా మధ్యాహ్నం షెడ్డులో గంట కూర్చుంటాను. కూర్చోలేకపోతే నీడకు ఇంకో వరస వల కట్టిస్తాను (ఎండలు ఏటికేడు ముదురుతున్నాయి, వలలూ పెరుగుతున్నాయి). పనివాళ్లు నాకు వడదెబ్బ తగిలిందనుకుంటారు. లోపల చెమటలు కక్కుతుంటే, ఫోటోలు పంపిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. అత్త మాత్రం మళ్లీ జొన్నే వేస్తోంది. చలికాలంలో పండించిన టమాటాలు తీసుకెళ్లి ఇస్తే, ఒక్కోదాన్నీ తిప్పి తొడిమ దగ్గర చూశాకే గంపలో వేసుకుంటుంది.