కెప్టెన్ ఎడమ చేయి

గాలివాన వల్ల విశాఖ విమానాశ్రయంలో హైదరాబాద్ విమానం ఆలస్యమైంది. నా పక్క కుర్చీలోని నడివయసు మనిషి కూర్చోలేకపోతున్నాడు. లేచి అద్దం దాకా వెళ్తాడు, వస్తాడు, మళ్లీ లేస్తాడు. ఫోన్లో ఎవరితోనో అంటున్నాడు: "బయం కాదు బావ. సెయ్యి నా మాట ఇనట్లేదు. నానేటి సేసేది?"

ఫోన్ పెట్టేశాక అడిగితే చెప్పాడు. కంచరపాలెం మనిషి, విమానం నడిపే కెప్టెన్. పోయిన నెల, నేల మీదే ఉత్తుత్తి విమానం నడిపించి చూసే సిమ్యులేటర్ పరీక్షలో, రన్‌వే ఇంకా చాలా దూరం ఉండగా, పక్కగాలిలో పరీక్షించేవాళ్లు ఆటోపైలట్ ఆపేశారట. అక్కడినుంచి చేత్తో నడపాల్సిన ఈయన, ఆటోపైలట్‌ను మళ్లీ పెట్టే మీట నొక్కబోయాడట.

"రేపు మళ్లీ అదే పరీక్ష సార్. ఈసారీ అలగే సేత్తే కెప్టెన్ సీటు పోద్ది."

"రోజూ నడిపేది మీరే కదా?"

"పైకి లేసిన రెండు నిమిషాలకే ఆటోపైలట్ అందుకుంటాది. రన్‌వే దగ్గర మళ్లీ సేతికిత్తాది. మద్దెలో నాను దానికి కాపలా." నవ్వాడు. "జీతం దానికే ఇచ్చీమంటాది మా ఆవిడ."

విమానంలో ఆయన సీటు నాకు పక్క వరుసలోనే పడింది. హైదరాబాద్ దగ్గర కిందికి దిగడం మొదలవగానే కళ్లు మూసుకున్నాడు. విమానం నడిపే పిడిని పట్టుకున్నట్టు, మోకాలి మీద ఎడమ పిడికిలిని పిసరంత ఇటూ, పిసరంత అటూ వంచసాగాడు. చక్రాలు నేలను తాకాయి. విమానం ఆగింది. జనం లేచి బ్యాగులు దించుకుంటున్నారు. ఆయన పిడికిలి ఇంకా గాలికి ఎదురొడ్డుతూనే ఉంది.

వెనకనుంచి జనం తోస్తున్నా, ఆయన ఆ పిడికిలి విప్పేదాకా నేను కదల్లేదు.